హాడ్లీ రంగు చామంతి

ఆ వారమంతా స్కూల్లో రోజుకో వేషం; సోమవారం పైజామాల రోజు. అందుకే టెస్సా హ్రుస్కా వాళ్ళ గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డ ఎమెట్ వాస్కెజ్ ఒంటి మీద బాతుబొమ్మల పైజామా ఉంది.

"ఆర్డర్లు అయిపోయాయి," అంది టెస్సా, చేతిలో గ్లూ గన్ దించకుండా. "శుక్రవారానికి ఇంకొక్కటి కూడా నావల్ల కాదు."

"ఆర్డరు కాదు. చామంతి చెయ్యడం నేర్పిస్తావేమోనని."

టెస్సా తలెత్తింది. వెస్లర్ హైస్కూల్లో పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఫుట్‌బాల్ ఆట రోజున, ఆ తర్వాతి డాన్స్‌కి పిలుస్తూ అబ్బాయిలు అమ్మాయిలకు ఇచ్చేది గుడ్డ చామంతి. గుండెల మీద పిన్నుతో పెట్టుకునే పళ్ళెమంత పువ్వు, దాని కింద మోకాళ్ళ దాకా స్కూలు రంగు రిబ్బన్లు, వాటికి గంటలు. ఊళ్ళో సగం చామంతులు ఈ గ్యారేజీలో టెస్సా, వాళ్ళమ్మమ్మ కలిసి చేసేవే. అబ్బాయి తన చేత్తో చేసిన చామంతిని టెస్సా ఇంతవరకు చూడలేదు. తనకంటూ ఎవరూ ఇచ్చిందీ లేదు. ఇన్ని చేసే పిల్ల తనకొకటి చేసుకోదా అని అందరూ అనుకునేవారు. టెస్సా చేసుకోలేదు.

"ఎవరికి?" అని అడిగింది.

"ఒకమ్మాయికి."

"అది తెలుస్తూనే ఉందిలే. పేరు? రిబ్బను మీద అంటించాలిగా."

"పేరు నేనే అంటించుకుంటా."

మూల నుంచి అమ్మమ్మ అంది: "కూర్చోబెట్టవే ముందు. బాతులేసుకుని మరీ వచ్చాడు."

కూర్చున్నాడు. బ్యాండులో ట్యూబా వాయించే వేళ్ళు అవి, రిబ్బను జడ అల్లడానికి లొంగలేదు.

"గ్లూ రిబ్బనుకి పెట్టాలి బాబూ, వేలికి కాదు."

"వేలు కూడా చామంతికి అంటుకుంటే ఇంకా గట్టిగా ఉంటుందని."

టెస్సాకు నవ్వొచ్చింది. ఆపుకుంది. పోయినేడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇతనిది పక్క బల్ల. పీహెచ్ కాగితం రంగు మారినప్పుడల్లా "ఏం రంగు?" అని తననే అడిగేవాడు. ఒట్టి బద్ధకస్తుడు అనుకునేది. అయినా అడిగినప్పుడల్లా చెప్పేది. ఆ క్లాసు అయిపోయాక ఎవరూ అడగకపోవడం వెలితిగా అనిపించింది.

బుధవారం స్కూలు రంగు రోజు. కారిడార్ నిండా ముదురు ఎరుపు. ఎమెట్ ఆకుపచ్చ చొక్కాలో వచ్చాడు. ఆకుపచ్చ పక్క ఊరి హాడ్లీ స్కూలు వాళ్ళ రంగు. శుక్రవారం ఆట వాళ్ళతోనే.

"ఏరా ఎమెట్," అని అరిచింది టెస్సా స్నేహితురాలు జోలీన్, "హాడ్లీలో ఎవరైనా దొరికారా?"

ఎమెట్ చొక్కా వైపు చూసుకున్నాడు. చెవులు కందాయి. "సరదాకి," అన్నాడు.

టెస్సా లాకర్ మూసిన చప్పుడు కారిడార్ చివరిదాకా వినిపించింది.

గురువారం సాయంత్రం గంటలు ఎలా కట్టాలో అడగడానికి మళ్ళీ వచ్చాడు. భుజాన సంచి సగం తెరుచుకుని ఉంది. అందులోంచి రిబ్బను జడ తొంగి చూస్తోంది. ఆకుపచ్చ.

"గంటలు ఆ డబ్బాలో ఉన్నాయి. తీసుకెళ్ళు," అంది టెస్సా.

"నేర్పించవా?"

"హాడ్లీలో నేర్పేవాళ్ళు లేరా?"

"హాడ్లీలో నాకెవరున్నారు?"

"అది నువ్వే చెప్పాలి."

ఎమెట్ అమ్మమ్మ వైపు తిరిగాడు. ఆవిడ భుజాలెగరేసింది. అతను గంటలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత టెస్సా అంటించిన పువ్వు వంకరగా వచ్చింది. పీకి మళ్ళీ అంటించింది.

శుక్రవారం కారిడార్‌లో నడిచిన ప్రతి అమ్మాయీ గణగణ మోగుతోంది. టెస్సా లాకర్ దగ్గర ఎమెట్ నిలబడి ఉన్నాడు, రెండు చేతులతో చామంతి పట్టుకుని. పువ్వు ఓ పక్కకి ఒరిగింది. రిబ్బన్లన్నీ ఆకుపచ్చ. మధ్య రిబ్బను మీద బంగారు అక్షరాలు: టెస్సా.

"నాతో డాన్స్‌కి వస్తావా?" అన్నాడు.

"ద్రోహి!" అని వెనక ఎవరో అరిచారు. ఈలలు లేచాయి. ఎమెట్ అటూ ఇటూ చూశాడు. వాళ్ళు ఎందుకు అరుస్తున్నారో అతనికి నిజంగానే అర్థం కాలేదు. అది టెస్సా అతని మొహంలో చూసింది. పీహెచ్ కాగితం గుర్తొచ్చింది.

దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "ఎమెట్, ఈ రిబ్బను ఏం రంగు?"

"మన రంగేగా." ఆగాడు. "కాదా?"

"కాదు."

"ఎన్ని?"

"అన్నీ."

అతని చెవులు మళ్ళీ కందాయి. "తగ్గింపు బుట్టలో కొన్నాను. రంగు పేరు రాసిన చీటీలు లేవు. షాపులో అడగడానికి సిగ్గేసింది. ఆ ఎరుపూ ఈ పచ్చా నాకు ఒక్కలాగే కనిపిస్తాయి. ఇలా ఇవ్వు, సోమవారానికి ఇంకోటి..."

చామంతి వెనక్కి లాక్కోబోయాడు. టెస్సా వదల్లేదు.

"వేసుకుంటే నిన్ను కూడా తిడతారు," అన్నాడు.

"సోమవారం ఎవరు వేసుకుంటారు? పిన్ను పట్టుకో."

"టెస్సా, పిచ్చా నీకు?" అంది జోలీన్. "హాడ్లీ రంగే అది!"

"నాకు ఇచ్చాడే. నీకెందుకు?"

సాయంత్రం స్టాండ్స్‌లో ఎరుపు మధ్య టెస్సా ఒక్కతే ఆకుపచ్చగా కూర్చుంది. హాడ్లీ వైపు నుంచి ఒకడు, "మా పక్కకి వచ్చెయ్!" అని కేకేశాడు. జవాబుగా గంటలు మోగించింది. వెనక వరుసలో అమ్మమ్మ పడీపడీ నవ్వింది.

విరామంలో బ్యాండు మైదానం వదిలి వచ్చాక టెస్సా మెట్లు దిగి ఎమెట్ ముందు నిలబడింది. జేబులోంచి రిబ్బను ముక్క తీసి అతని చేతికి కట్టింది.

"ఇది ఏం రంగు?" అన్నాడు.

"మనది."

"నిజంగా?"

"ఇకమీదట రంగులు నన్నడుగు," అంది టెస్సా, ముడి బిగిస్తూ. "ఇదివరకు అడిగేవాడివిగా."

ఎమెట్ చామంతి చివరి రిబ్బను పట్టుకున్నాడు. "సరే. ఇది?"

"ఆకుపచ్చ."

"బాగుందా?"

"వంకరగా ఉంది," అంది టెస్సా. "డాన్స్‌కి కూడా ఇదే పెట్టుకొస్తా."