తేరుకోని గ్లాసు

ఆదివారం పొద్దున వంటింటి కిటికీలో రెండు గాజు గ్లాసులు కనిపిస్తే ఎవరూ భయపడరు. అత్తగారు భయపడింది. రెండింటిలోనూ కోడలు గుప్పెడు మట్టి వేసి, వాననీళ్లు పోసి, బాగా కలిపి పెట్టింది. గంట తిరిగేసరికి ఒకదాంట్లో మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడ్డాయి. రెండోదాంట్లో ఇంకా పాలు పోసిన టీ రంగే.

కోడలు భూసార పరీక్ష కేంద్రంలో పనిచేస్తుంది. ఈ ఇంటికి వచ్చి ఏడాదైనా కాలేదు. మనిషి నెమ్మది, మాట తక్కువ. తక్కువ మాట్లాడేవాళ్లంటేనే అత్తగారికి బెదురు. లోపల ఏమనుకుంటున్నారో తెలిసి చావదు కదా.

“ఏది ఎక్కడి మట్టమ్మా?” అంది ఉల్లిపాయ తరుగుతూ, ఏమీ ఎరగనట్టు.

“తేటపడింది గట్టు పక్కది అత్తయ్యా. ఇది పొలం నడిమిది. ఇందాక నడకకు వెళ్లి తెచ్చాను.” కోడలు గ్లాసు ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. “ఉత్త ఉప్పు ఉండే తెల్లచౌడైతే నీళ్లు తేరుకోవాలి. ఇలా మురికిగా నిలిచిపోయిందంటే కారుచౌడు.”

అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది. “అయితే ఏమవుతుంది?”

“రిపోర్టులో నేను తెల్లచౌడని రాశాను. కాలువ నీళ్లు పెట్టి, ఉప్పు కడిగి బయటికి తీసేస్తే చాలన్నాను. కారుచౌడుకైతే ముందు జిప్సం వెయ్యాలి. వెయ్యకుండా కడిగితే మట్టి ఉబ్బి బంకైపోతుంది. నీళ్లూ దిగవు, వేళ్లూ దిగవు. ఇప్పుడు పండే ఆ కాస్తా పండదు.”

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండుకి వాళ్ల వంతు నీళ్లు. మామగారు, ఆ ఇంటి పెద్దాయన, పార భుజాన వేసుకుని ఎప్పుడో కాలువ దగ్గరికి వెళ్లిపోయాడు. ఊళ్లో ఆయన్ని అగ్గిపెట్టె అంటారు. గీయనక్కర్లేదు, ఊరికే పక్కన నిలబడ్డా అంటుకుంటాడు. ఈ ఏడూ పండకపోతే ఇక తన వల్ల కాదని, పొలం బీడు పెట్టేస్తానని నిన్ననే అన్నాడు.

అత్తగారు కత్తి పక్కన పెట్టేసింది.

రెండు నెలల క్రితం కోడలు ఎంత వివరంగా చెప్పిందీ! పొలమంతా వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల జానెడు లోతున తవ్వి, అంతా కలిపి, అందులోంచి అరకిలో ఇమ్మంది. అత్తగారు తవ్వింది గట్టు పక్కనే. పొలం నడిమి చెక్క నల్లగా, వానొస్తే జారుడుబండ, ఎండితే పెంకు. చదువుకున్న పిల్ల, వాళ్ల ఆఫీసులో పదిమందీ చూసే మట్టి. అత్తగారింటి పొలం ఇలాంటిదా అనుకోదూ? అందుకని గట్టు మట్టే జల్లించి, రాళ్లేరి, ఉతికిన గుడ్డలో మూటకట్టి ఇచ్చింది.

“తప్పు నాదే అత్తయ్యా,” అంది కోడలు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. “ల్యాబులో సంచులు తారుమారు చేసుంటాను. మామయ్యకు చెప్పి, రేపు ఆఫీసులో కూడా రాసిచ్చేస్తాను. ఉద్యోగం ఉంచుతారో లేదో…”

గ్లాసు కిందపెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట మనసులోకి వచ్చినందుకు అత్తగారికి తన మీద తనకే అసహ్యం వేసింది. మురికి గ్లాసు చేత్తో మూసి పట్టుకుని, స్టవ్వు ఆర్పానో లేదో కూడా గుర్తులేకుండా, వీధిలోకి వచ్చి పడింది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తడం వీధి వీధంతా చూసింది.

ఆవిడ చేరేసరికి పెద్దాయన చెయ్యి తూము తలుపు మీద ఉంది.

“నెల్రోజులుగా ఈ వంతు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తే, ఇప్పుడా చెప్పడం? ఏం చదువమ్మా అది?” అని అరుస్తున్నాడు. కోడలు తలవంచుకుని ఏడుస్తోంది.

“దాన్నేం అనకండి!” రొప్పుతూ అంది అత్తగారు. “తను సరిగ్గానే రాసింది. మట్టి నేనే దొంగది ఇచ్చాను. అంతా గట్టు పక్కదే. నడిమిది పంపాలంటే సిగ్గేసింది. నన్నేమన్నా పడతాను.”

ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది.

ముందు కోడలి గొంతు వినిపించింది. “నాకు అప్పుడే అనుమానం వచ్చింది అత్తయ్యా. పొలం మట్టిలో ఒక్క వేరుముక్కైనా ఉండదా? మళ్లీ తెమ్మంటే మిమ్మల్ని నమ్మనట్టుంటుందని ఊరుకున్నాను. మీరంటే భయం. ఇవాళ కూడా అందుకే నా మీద వేసుకున్నాను.”

“నేనంటేనా?”

“ఊఁ.”

“నీకు భయపడే కదే తల్లీ, నేను ఆ రాళ్లన్నీ ఏరింది!”

ఆ మాటతో ఇద్దరికీ దుఃఖం ఆగలేదు. పెద్దాయన తూము వదిలేసి గట్టు మీద కూలబడ్డాడు. అంటుకోలేదు. గ్లాసు తీసుకుని వెలుగుకి ఎత్తి చూశాడు.

“ఆ చెక్కలో నాగలి దిగదని నాకు ఇరవయ్యేళ్లుగా తెలుసు,” అన్నాడు. “కాగితంలో అంతా కడిగితే పోతుందని ఉంటే… నమ్మాలనిపించింది. ఈ వయసులో ఇంకో పొలం ఎక్కడ చూసుకోను?”

ఆయన అరుపుల వెనక ఇన్నాళ్లూ ఉన్నది భయమేనని ఆవిడకు ఆ పూట తెలిసింది. పక్కనే కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

“బాగుపడుతుందా అమ్మాయ్?” అని అడిగాడు.

“ఒక్క ఏడాదిలో కాదు మామయ్యా. జిప్సం వేసి, నీళ్లు నిలగట్టి, తీసి, పచ్చిరొట్ట పెంచి కలియదున్ని… రెండు మూడేళ్లు పడుతుంది. పడుతుంది కానీ, బాగవుతుంది.”

పెద్దాయన లేచి పక్క పొలంవాణ్ణి కేకేశాడు. “ఒరేయ్, ఈ వంతు నువ్వు పెట్టుకో. జిప్సం వేశాక నీ వంతు నాకివ్వు!”

అత్తాకోడళ్లు అట్నించి అటే నడిమి చెక్కలోకి దిగారు. గునపం దిగడానికి మొండికేసింది. పెచ్చులు పెచ్చులుగా నల్లమట్టి లేచింది. పది చోట్ల తవ్వి, కలిపి, మూట కడుతుంటే అలవాటు చొప్పున అత్తగారి వేళ్లు ఒక రాయిని ఏరబోయాయి.

కోడలు చూసింది.

అత్తగారు ఆ రాయిని మళ్లీ మట్టిలోకే వదిలి, మూట ముడివేసి, కోడలి చేతిలో పెట్టింది.