చోటు మారే పాఠం

మామిడిపళ్ళ కాలమంటే జనానికి నోరూరుతుంది. నాకు వాంతొస్తుంది. చాట్రాయి దగ్గర మా నాన్న ఇచ్చిన తోట ఉంది, అన్నీ రసాలే. ఈదురుగాలికి రాలిన కాయలు కుళ్ళి, కాలు పెడితే చెప్పుకి జిగురులా పట్టుకుంటాయి. ఆ తీపి కంపుకి ముసిరే ఈగలు అన్నం ముద్ద మీదికీ వస్తాయి. అందుకే తోట వీరరాఘవయ్యగారికి కౌలుకిచ్చేసి విస్సన్నపేటలో హాయిగా ఉన్నాను. మా ఆయన ఉండనిస్తేగా.

మా ఆయన సువర్ణరాజు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. వాలీబాల్ ఆడుతూ పడి కాలు విరగ్గొట్టుకుంటే లోపల స్టీలు రాడ్డు వేశారు. అప్పట్నుంచి ఆ కాలు ఈడుస్తాడు. మంచంలో ఉన్నప్పుడు ఫోన్లో చూసి ఓ పిచ్చి పట్టుకుంది... పాతకాలం యూరప్ వాళ్ళ పొడుగు కత్తిసాము. పదును లేని కత్తి ఒకటి తెప్పించుకున్నాడు. దాని మీద తెలుగులో పుస్తకం లేదట, తనే రాస్తాడట. ఏ పబ్లిషరూ జవాబివ్వకపోతే సొంతంగా వేసుకుంటానన్నాడు. టైపింగు, ఫోటోలు, పేజీలు సర్దడం అన్నీ ఆయనే. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాలు విరిగాక మళ్ళీ ఆ మనిషి నవ్వింది ఆ పుస్తకం వల్లే. నాకు ఆ నవ్వు కావాలి.

సాము చెయ్యాలంటే ఎదుటి మనిషి ఉండాలి. విస్సన్నపేటలో ఎవడొస్తాడు? తోటకి దిష్టి తగలకుండా కౌలుదారు నిలబెట్టిన బొమ్మనే ఎదుటి మనిషిని చేసుకున్నాడు. గడ్డి కుక్కిన ఒళ్ళు, సున్నం కొట్టిన కుండ తల, బొగ్గు మీసాలు. పోయినేడు కాపు అయిపోగానే తగలబెట్టాల్సింది. ఈయన ఆపించి, తన పాత చొక్కా ప్యాంటూ తొడిగాడు. పుస్తకం నిండా ఫోటోల్లో అదే.

"ఊరందరి ఏడుపూ తాగిన బొమ్మమ్మా అది. కాపయ్యాక ఉంచకూడదు," అనేవారు వీరరాఘవయ్యగారు.

మేం చర్చికెళ్ళేవాళ్ళం, అవన్నీ నమ్మం. దాన్ని చూస్తే నాకు భయం కాదు, అసహ్యం. దాని కడుపులో పందికొక్కేదో చచ్చినట్టుంది, గుండీల సందుల్లోంచి తెల్ల పురుగులు రాలేవి.

ఆ సాయంత్రం ఆఖరి పాఠం ఫోటో కోసం తోటకెళ్ళాం. మర్నాడు ఫైలు బెజవాడ ప్రెస్సుకి పంపాలి. ఫోన్ పట్టుకోవడం నా పని.

"ఇది చోటు మారే పాఠం, లీదియా. కత్తి తప్పించుకుంటూ పక్కకి అడుగేసి నేను వాడి చోట్లోకి వెళ్తాను. వాడు నా చోట్లోకి వస్తాడు."

"గడ్డిబొమ్మ ఎక్కడికొస్తుందండీ. త్వరగా కానివ్వండి, చీకటి పడుతోంది."

మబ్బు కమ్మింది. గాలి ఆగిపోయింది. ఈగల మోత కూడా ఆగింది... కంపు మాత్రం పెరిగింది. కుళ్ళిన మామిడి, దాని వెనక ఇంకేదో. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆయన అడుగేశాడు. నాకు డోకొచ్చి తల తిప్పుకున్నాను.

ఏదో ధబ్బున పడింది.

తిరిగి చూసేసరికి బాగా చీకటి. బొమ్మ కింద పడి ఉంది. పక్కనే మా ఆయన నిలబడి ఉన్నాడు.

"అయిపోయింది. పద," అన్నాడు మెల్లగా.

కింద నుంచి మూలుగు... నోట్లో గడ్డి కుక్కితే వచ్చేలాంటిది. మళ్ళీ ఇంకోసారి. బొమ్మ కాలు కదిలింది. పందికొక్కులే అనుకున్నాను. లైటేసి చూద్దామంటే ఆ పురుగులు గుర్తొచ్చాయి. ఛీ... చూడలేదు.

పాకలో ఉన్న వీరరాఘవయ్యగారిని కేకేశాను. "ఈ దరిద్రాన్ని ఇప్పుడే తగలబెట్టండి."

ఆయన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఎండుటాకులు కప్పి, దూరం నుంచే డీజిల్ చల్లి నిప్పంటించారు. మా ఆయన ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఇన్నాళ్ళకి నా మాట విన్నాడని సంతోషించాను. వెంట్రుకలు కాలిన కంపు గేటు దాకా వచ్చింది. అక్కడే కక్కుకున్నాను. మా ఆయన అప్పటికే చకచకా నడిచి బండి దగ్గరున్నాడు.

పొద్దున్నే వీరరాఘవయ్యగారు పేపర్లో ఏదో చుట్టుకుని వచ్చారు.

"బూడిదలో దొరికిందమ్మా. మిగతాదంతా గడ్డే. మాస్టారి కత్తి తాలూకు సామానేమో."

విప్పాను. మసిబారిన స్టీలు రాడ్డు. దానికింకా స్క్రూలు బిగించే ఉన్నాయి. ఎక్స్‌రేలో ఎన్నిసార్లు చూశానో దాన్ని.

తగలబెట్టమన్నది నేనే. చూడకుండా... నేనే.

లోపలి గదిలోంచి అడుగుల చప్పుడు. సమంగా, ఏ కాలూ ఈడ్చకుండా. మనిషి కంటే ముందు కంపొచ్చింది.

"లీదియా," అన్నాడు మెల్లగా. "రాత్రి ఫోటో సరిగ్గా రాలేదు. ఈసారి ఎదురుగా నువ్వు నిలబడు."