గట్టు మీద పద్నాలుగు మొక్కలు

రోడ్డు పక్క గట్టు మీద గడ్డి కోసే బండికి ఎదురుగా ఒక అమ్మాయి వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు? మనవాడు ఇంజను ఆపి, నోరు తెరిచాడు.

"ముందుకొచ్చారో, నా మీదుగా పోవాలి!"

"ఉత్త గడ్డేనండీ..."

"మీ కంటికి గడ్డి! ఈ నేలలో తప్ప ఇంకెక్కడా పెరగని పువ్వు ఇది. మొలిచి పూసేసరికి నాలుగేళ్లు. వేరు నిలదొక్కుకుంటే ఏటా అక్కడే పూస్తుంది. మిగిలినవి పద్నాలుగు మొక్కలు, అన్నీ ఇక్కడే. కొయ్యకండి!"

ఆమె కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే లెక్చరరు. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, మనవాడు అప్పటికే బండి వెనక్కి తిప్పేశాడు.

ఆ రోజు నుంచి గట్టు జోలికి పోలేదు. గడ్డి మోకాలెత్తు దాటి నడుమెత్తు పెరిగింది. సూపర్‌వైజరు సొంత మేనమామే అయినా ఊరుకుంటాడా? మెమో మీద మెమో, మూడిచ్చాడు.

"మా అక్క మొహం చూసి ఓర్చుకుంటున్నానురా! నాలుగోదిస్తే ఉద్యోగం ఊడుతుంది."

అయినా మనవాడు గట్టు మీదికి బండి ఎక్కించలేదు.

ఆ మర్నాడే ట్రైనింగుకని ఊరెళ్లిన లెక్చరరు రెండు నెలలకి తిరిగొచ్చింది. మెచ్చుకుంటుందని మనవాడు తల దువ్వుకుని మరీ ఎదురెళ్లాడు.

"కొయ్యలేదేం?" నిప్పులు చెరిగింది.

"మీరేగా వద్దన్నారు!"

"విత్తనం రాలేదాకా వద్దు. రాలాక కొయ్యాలి! లేకపోతే ఈ గడ్డి కింద ఎండ తగలక చస్తాయి. ఎనిమిదే కనిపిస్తున్నాయి!"

"ఆ ముక్క ఆరోజే చెప్పొచ్చుగా?"

"చెప్పేలోగా దౌడు తీశారుగా!"

"ఆ కళ్లు చూసి ఎవడు నిలబడతాడండీ? మీ పువ్వు కోసం మూడు మెమోలు తిన్నాను, తెలుసా!"

ఆమె కాస్త చల్లబడింది. "మూడా? పువ్వు అంత నచ్చిందా?"

"నచ్చకపోవడమేంటండీ! ఆ నీలం రంగు ఇంకా కళ్లలోనే ఉంది."

"అది పసుపండీ."

మనవాడు నాలిక్కరుచుకున్నాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, మెల్లగా విడిపోయాయి. ఆరోజు ఆ గట్టంతటి మీదా నీలంగా ఉన్నది ఆమె చున్నీ ఒక్కటే.

"అంటే, పువ్వు వంక చూడనేలేదన్నమాట."

"లేదండీ. తర్వాత చూద్దామంటే గడ్డి అడ్డొచ్చింది."

"ముందు కొయ్యండి," అంది నవ్వు బిగబట్టి.

ఆమె ముందు నడుస్తూ మొక్క మొక్కా చూపిస్తుంటే, వెనకాల నత్తనడకన బండి. గడ్డి తొలగేకొద్దీ తొమ్మిది, పది, పన్నెండు... చివరి రెండింటి కోసం బండి దిగి ఇద్దరూ చేతులతో వెతికారు.

"పద్నాలుగూ ఉన్నాయి!" గబుక్కున అతని చెయ్యి పట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే నాలుగో మెమోతో మేనమామ దిగాడు. గట్టు చూశాడు. చేతులు చూశాడు. మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండు నెలలుగా నా వల్ల కాని పని పూటలో చేయించావమ్మా! మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఏడాదికొక్క కోత చాలండీ."

"కోత సంగతి ఎవరడిగారు తల్లీ? మా అక్కకి, అదే వీళ్లమ్మకి, ఏం చెప్పమంటావు?"

ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆవిడ ఆదివారం ఇంట్లోనే ఉంటారాండీ?"