చక్రాలు తీసిన ఇల్లు

"ఇది ఇల్లు కాదు," అంది నిధి, టేపు చుట్టేస్తూ. "చక్రాలున్నాయి కదా, బండి. బ్యాక్‌యార్డ్‌లో బండి పెట్టుకోవచ్చు. దాంట్లో ఉండకూడదు."

వినీత్‌కి చిర్రెత్తుకొచ్చింది. రెండేళ్ళ శనాదివారాలు ధారపోసి, దాచుకున్నదంతా ఊడ్చి, సొంత చేతులతో కట్టుకున్న ఇల్లది. కింద వంటగట్టు, ఒక బల్ల. పైన పడుకోవడానికి అటక, దానికో చిన్న కిటికీ. మిషిగన్‌లోని నోవై ఊరి శివార్లలో, తెలిసిన చక్రపాణి అంకుల్ పెరట్లో, ఆయన ఒప్పుకుంటేనే నిలబెట్టాడు. టౌన్‌షిప్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తారంటే ఎవరో పెద్దాయన వస్తాడనుకున్నాడు గానీ, హెల్మెట్ కింద జడతో ఓ తెలుగమ్మాయి దిగుతుందని కలలో కూడా అనుకోలేదు.

"చక్రాలు తీసేస్తే?"

"అప్పుడు ఇల్లు. కాంక్రీట్ మీద బోల్ట్ చేయాలి. అటక మీది విండో పెద్దది చేయాలి. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాస్ అయి, సర్టిఫికెట్ ఇచ్చాకే లోపల ఉండాలి. ముందే ఉంటే పర్మిట్ క్యాన్సిల్. మొత్తం ఇక్కణ్ణించి తీసెయ్యాలి."

"చక్రాలు మాత్రం తీయనండి. నాది హెచ్‌వన్‌బీ వీసా. జాబ్ పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే దేశం వదిలి పోవాలి."

"మరి ఇల్లు కూడా ఇండియాకి డ్రైవ్ చేస్తారా?"

వెక్కిరిస్తోందేమోనని చూశాడు. లేదు, నిజంగానే అడుగుతోంది.

ఏడేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారాడు వినీత్. ఎక్కడా గోడకి ఒక్క మేకు కొట్టలేదు. కింద చక్రాలుంటే అదో ధైర్యం, అంతే. ఆ ధైర్యానికి అర్థం లేదని పుట్టింది మొదలు మిషిగన్ దాటని ఈ పిల్ల ఒక్క మాటతో తేల్చేసింది. వారం రోజులు ఆమెని తిట్టుకున్నాడు. తర్వాత రంపం తీసి కిటికీ కోశాడు.

"చాలదు," అంది రెండోసారి వచ్చి.

"నేను సన్నగానే ఉంటాను కదండీ. మంటలొస్తే దూరి బయటపడతాను."

"మీరు సన్నగా ఉంటారు. ఫైర్‌ఫైటర్ అలా ఉండరు. వాళ్ళు వీపు మీద ఎయిర్ ట్యాంక్ వేసుకుని మీ కోసం లోపలికి రావాలి." టేపు చుట్టేసి అతని వైపు చూసింది. "ప్లీజ్, పెద్దది చేయండి."

ఆ ప్లీజ్ రూల్ పుస్తకంలో ఉండదని వినీత్‌కి తెలుసు. మళ్ళీ కోశాడు.

నవంబరు వానలో తడిసి ముద్దవుతూ చక్రాలు కూడా ఊడదీసి, ఇంటిని కాంక్రీట్‌కి బిగించాడు. నిధి పక్కనే గొడుగు పట్టుకుని నిలబడింది. గొడుగు అతనికి కాదు, ప్లాన్ కాగితాలకి. ఆ కాగితాలు ఎంత రాసిపెట్టి పుట్టాయో అనుకున్నాడు.

ఇక ఫైనల్ ఇన్‌స్పెక్షన్ ఒక్కటే మిగిలింది. అది మంగళవారం. చక్రపాణి అంకుల్ భార్య సుధ ఆంటీ దానికి ముందు ఆదివారానికే గృహప్రవేశం ముహూర్తం పెట్టించేసింది.

"సర్టిఫికెట్ రాకుండానా ఆంటీ?"

"ఇది దాటితే మాఘమాసం దాకా మంచి రోజు లేదు నాయనా. పాలు పొంగిస్తే ఎవరు చూడొచ్చారు?"

పాలు పొంగాయి. కొత్తింట్లో ఆ రాత్రి నిద్ర చేయాలంది ఆంటీ. వినీత్ అటక మీద పడుకున్నాడు. అమెరికా వచ్చాక అంత హాయిగా నిద్రపోవడం అదే మొదలు.

మంగళవారం నిధి గడపకున్న పసుపు చూసింది. పొయ్యి అంచున మాడిన పాల మరక చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఫామ్‌లో ఒక క్వశ్చన్ ఉంది. అడగాలి." పెన్ను తీసింది. "సర్టిఫికెట్ రాకముందే ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

నిధి వెనక నుంచి ఆంటీ కళ్ళతోనే చెప్పొద్దంటోంది. ఎవరూ ఉండలేదని చెబితే ఇల్లు దక్కుతుంది. కానీ ఆ అబద్ధం మీద సంతకం పెట్టాల్సింది నిధి. ఆమె చేత అది చేయించడానికి వినీత్‌కి మనసొప్పలేదు.

"ఆదివారం పాలు పొంగించాం. ఆ రాత్రి ఇక్కడే పడుకున్నాను."

ఆమె తలెత్తకుండా రాసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో ఉత్తరం వచ్చింది: పర్మిట్ ఆపేశాం, టౌన్‌షిప్ బోర్డు ముందుకు విచారణకి రండి, ఇకపై మీ ఫైలు వేరే ఇన్‌స్పెక్టర్ చూస్తారు. ఇల్లు పోతుందన్న దిగులు ఒకెత్తు, ఆమె తన మొహం కూడా చూడనంటోందన్న బాధ ఒకెత్తు అయింది వినీత్‌కి.

బోర్డు హాల్లో నిధి చివరి వరసలో కూర్చుంది. నెరిసిన జుట్టున్న చైర్మన్ ఆమె రిపోర్టు పైకి చదివాడు. "కొత్త ఇంట్లో పాలు పొంగించి, ఒక రాత్రి నిద్ర చేయడం వీరి సంప్రదాయం. చేసింది తప్పే. అబద్ధం చెప్పే వీలుండీ దరఖాస్తుదారు నిజం చెప్పారు." పేజీ తిప్పి ఆగాడు. "ఇన్‌స్పెక్టర్ ఈ కేసు నుంచి తప్పుకున్నారు. కారణం... మిస్, ఇది చదవనా?"

"పబ్లిక్ రికార్డే కదా. చదవండి," అంది నిధి, తల దించుకుని.

"దరఖాస్తుదారంటే నాకు ఇష్టం. ఇకమీదట ఈ ఇంటిని నిష్పక్షపాతంగా చూడలేను."

ఆ తర్వాత బోర్డు మందలించిందీ, మళ్ళీ ఇన్‌స్పెక్షన్‌కి అవకాశమిచ్చిందీ చక్రపాణి అంకుల్ చెబితే గానీ వినీత్‌కి తెలియలేదు.

బయట సన్నగా మంచు పడుతోంది. నిధి కారు దగ్గర నిలబడి ఉంది.

"అది ఎప్పుడు రాశారు?"

"మంగళవారం. కానీ ముందే రాయాల్సింది. మీరు విండో సెకండ్ టైమ్ కట్ చేశారు కదా, అప్పుడే."

"మరి రాయలేదే?"

"రాస్తే నెక్స్ట్ ఇన్‌స్పెక్షన్‌కి వేరేవాళ్ళు వస్తారు."

వినీత్ ఓ అడుగు దగ్గరికి వేశాడు. "నాకూ మీరంటే ఇష్టమే నిధీ. కానీ నా వీసాకి గ్యారంటీ లేదు. ఇప్పుడు చక్రాలు కూడా లేవు."

"తెలుసు," అంది నిధి, అతని భుజం మీది మంచు దులుపుతూ. "తీయించింది నేనే కదా."