రెండో కోడలు

“దీపం వెయ్యి!” అని స్నానాల గది గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచింది గువ్వ. గదిలో దీపం వెలగలేదు గానీ హాల్లో ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

“అమ్మా! ఇది మళ్ళీ నా మాట వినట్లేదు!”

వంటింట్లో టీ వడకడుతున్న తల్లికి నవ్వూ విసుగూ ఒకేసారి వచ్చాయి. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. పొద్దస్తమానం జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి “ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా” అని ఓపిగ్గా అడిగే మనిషి. ఆ ఓపికంతా అక్కడే అయిపోతుందో ఏమో, ఇంటికొచ్చేసరికి ఈ మధ్య ఊరికే చిరాకు ముంచుకొస్తోంది.

“ఏమండీ! పిల్ల చీకట్లో పళ్ళు తోముకోవాలా?”

“ఒక్క నిమిషం! కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నా. అయిపోవచ్చింది!” స్టోరు గదిలోంచి భర్త గొంతు వినిపించింది.

“మీ ఒక్క నిమిషంలో నాకు వంటయిపోయింది, బట్టలు ఆరేయడం అయిపోయింది. మీది మాత్రం అవ్వలేదు.”

హాల్లో కుర్చీలో కూర్చున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. “రెండో కోడలికి ఒంట్లో బాగాలేనట్టుందమ్మాయ్. వాడు లేవగానే దాని దగ్గరికే పోయాడు.”

రెండో కోడలంటే స్టోరు గదిలో ఉన్న కంప్యూటరు. దానికా పేరు పెట్టింది అత్తగారే.

అది ఆ ఇంటికి వచ్చిన సందర్భం మాత్రం నవ్వులాటది కాదు. గువ్వ పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ ఏదో ఆన్‌లైన్ ఖాతాలో దాచుకున్నారు. ఒకరోజు ఉన్నట్టుండి ఆ ఖాతా మూతపడింది. ఎన్నిసార్లు మొత్తుకున్నా అటు నుంచి మనిషన్నవాడు పలకలేదు. గువ్వ మొదటి నవ్వు, మొదటి అడుగు, బోసినోటితో నవ్వుతూ తాతయ్య మీసం పట్టి లాగడం, అన్నీ పోయాయి. ఆ రోజు భర్త చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత పాత కంప్యూటరొకటి కొనుక్కొచ్చి, విప్పి, బాగుచేసి, స్టోరు గదిలో పెట్టాడు. “ఇకమీదట మన సంగతులు మనింట్లోనే ఉంటాయి. ఎవడి దయా మనకొద్దు” అన్నాడు. ఆ మాటకి ఆమె ఎంత పొంగిపోయిందో!

అతను లిఫ్టుల కంపెనీలో సర్వీసు ఇంజనీరు. పగలంతా గ్రీజు, తీగలు, పై అధికారుల అరుపులు. ఇంటికొచ్చి ఆ పెట్టె ముందు కూర్చుంటే అతని మొహం తేటపడేది. అది చూసి ఆమె కూడా పోనీలే అనుకుంది. మొదట ఫోటోలు, తర్వాత సినిమాలు, ఆ తర్వాత దీపాలు, ఫ్యాన్లు, చివరికి వీధి తలుపు తాళం కూడా ఆ పెట్టె చేతిలోకి వెళ్ళిపోయాయి. గోడల మీది స్విచ్చులు పీకేసి నున్నటి పలకలు బిగించాడు. ఫోన్లో నొక్కాలి, లేదా నోటితో చెప్పాలి. అత్తగారు ఒకసారి లోపల గడియ వేసుకుని నిద్రపోతే అందరూ బయట నిలబడాల్సి వచ్చిందని, ఆ గడియ కూడా తీసేశాడు.

“అమ్మాయ్, ఈ కొత్త అద్దాలు కూడా ఆనట్లేదే” అంది అత్తగారు టీ అందుకుంటూ. “పగలు పుస్తకం పట్టుకుంటే అక్షరాలన్నీ చీమల్లా ఉన్నాయి.”

“మొన్ననే కదా అత్తయ్యా మార్చాం? సరే, ఈ వారంలో దుకాణానికి తీసుకెళ్తా. ఇంకోసారి చూద్దాం.”

గువ్వ బడికి, భర్త పనికి, ఆమె దుకాణానికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ భర్త “మిగతాది దానంతటదే పూర్తవుతుంది” అని భరోసా ఇచ్చాడు.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. ఆమె ఒక పెద్దాయనకి పరీక్ష చేస్తుండగా ఫోను మోగింది. పై వాటాలో ఉండే దర్జీ ఆవిడ.

“తొందరగా రామ్మా! మీ తలుపు తెరుచుకోవట్లేదు. పిల్ల బయటుంది, పెద్దావిడ లోపలుంది. ఆవిడకి ఆయాసం వస్తున్నట్టుంది.”

ఆమె పెద్దాయనకి క్షమాపణ చెప్పి బయల్దేరింది. దారిలో భర్తకి ఫోను చేస్తూనే ఉంది. అందుబాటులో లేదంటోంది. ఏ లిఫ్టు గుంటలో ఉన్నాడో, అక్కడ సిగ్నలుండదు.

ఇంటికొచ్చేసరికి గువ్వ తలుపుకి చెవి ఆనించి నేల మీద కూర్చుంది. తలుపు కింది సందులోంచి అత్తగారి గొంతు సన్నగా వినిపిస్తోంది. “అప్పుడా... ఏనుగు... ఏం చేసిందంటే...” మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు ఊపిరి.

“అత్తయ్యా! నేనొచ్చేశా!”

“వచ్చావా? పిల్ల భయపడుతోందని... కథ చెబుతున్నా. పొయ్యి ఆర్పేశాలే. దీపాలు వెలగట్లేదు... నేను పీల్చే మందు గొట్టం ఎక్కడ పడిందో కనబడట్లేదు.”

ఆమె తాళాన్ని పట్టుకుని ఊపింది, ఫోన్లో ఎన్ని నొక్కాలో అన్నీ నొక్కింది. తాళంలో మోటారు గుర్రుమంటుంది, ఆగిపోతుంది. దర్జీ ఆవిడ వడ్రంగి కోసం పరిగెత్తింది. వడ్రంగి వచ్చేదాకా ఆ ఊపిరి నిలుస్తుందా?

ఆమె ఇంటి పక్క సందులోకి దూరింది. అత్తగారి గది కిటికీ అటే ఉంది, ఆవిడ మందు పెట్టుకునేదీ ఆ గదిలోనే. ఎదురుగా మూరెడు దూరంలో పక్క భవనం గోడ. కిటికీకి ఇనుప ఊచలు. గదిలో ఏదీ పోల్చుకోలేనంత చీకటి. ఫోను దీపం వేసి, ఊచల్లోంచి చెయ్యి చాపింది.

“అత్తయ్యా, గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి రండి. నేను వెలుతురు పడతా. కంగారు లేదు.”

అత్తగారు గోడని తడుముకుంటూ వచ్చింది. వెలుతురు మంచం కిందా, బల్ల కిందా తిరిగింది. చివరికి మంచం కోడు పక్కన నీలం గొట్టం మెరిసింది.

“ఎడమవైపు... ఇంకొంచెం కిందికి... ఇప్పుడు కనిపిస్తోందా?” దుకాణంలో అడిగినంత నెమ్మదిగా అడిగింది.

“కనిపించింది.” అత్తగారు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చింది. కాసేపటికి ఈల తగ్గింది. అప్పుడు బయట నిలబడ్డ కోడలు నుదుటిని ఊచలకి ఆనించి, ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

వడ్రంగి తాళం పగలగొట్టాడు. గువ్వ పరుగున వెళ్ళి నానమ్మని వాటేసుకుంది. అత్తగారు మనవరాలి తల నిమురుతూ, చీలిన తలుపు వంక చూసి అన్న మొదటి మాట: “అయ్యో, తలుపు పాడైపోయిందే! వాడెంత ముచ్చటపడి బిగించుకున్నాడో.”

సాయంత్రం భర్త వచ్చి పగిలిన తలుపు చూసి కొయ్యబారిపోయాడు. జరిగిందంతా విన్నాడు. తల్లి గదిలోకి తొంగిచూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. చెప్పులైనా విప్పకుండా స్టోరు గదిలోకి వెళ్ళాడు. ఆమె వెనకాలే వెళ్ళింది.

“తెలిసింది” అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “కొత్త వెర్షన్ మధ్యలో ఆగిపోయింది. అందుకే దీపాలు పోయాయి, తాళం మోటారు సగంలో ఇరుక్కుంది. ఇంకెప్పుడూ ఇలా జరక్కుండా నేను...”

“మీ అమ్మని పలకరించారా?”

“పడుకుంది కదా.”

“పడుకోలేదు. కళ్ళు మూసుకుంది. మీరు పిలుస్తారేమోనని చూస్తోంది. మీరు ముందు దీని దగ్గరికొచ్చారు.”

“దీన్ని సరిచేస్తేనే కదా రేపు మళ్ళీ జరక్కుండా ఉండేది!” అతని గొంతు లేచింది. “ఎవరి కోసం చేస్తున్నానిదంతా? నా కోసమా? మన సంగతులు పరాయివాళ్ళ చేతుల్లో ఉండకూడదనే కదా!”

“పరాయివాళ్ళ చేతుల్లో లేవు, నిజమే. మన చేతుల్లోనూ లేవు. మీ ఒక్కరి చేతిలో ఉన్నాయి. మీరు ఫోను ఎత్తకపోతే నా ఇంట్లోకి నేను రాలేను. నా కూతురి ఫోటో నేను చూసుకోలేను. మీకేదన్నా అయితే మా గతేంటి? ఎప్పుడైనా ఆలోచించారా?”

అతను కీబోర్డు ముందుకి లాక్కున్నాడు.

“ఒక్కటి చెప్పండి. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు ఏం చేస్తారు?”

“దానికీ దీనికీ...”

“చెప్పండి.”

“లోపల బెల్లుంటుంది. కరెంటు పోయినా పైన చేత్తో తిప్పే చక్రం ఉంటుంది. నేనే రానక్కర్లేదు, నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా...” అంటూనే ఆగిపోయాడు. చెప్పిన మాట తనకే తగిలినట్టు మొహం వాడిపోయింది.

గుమ్మంలో అలికిడయింది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. వెనకాల గువ్వ.

“అరుచుకోకండర్రా, పిల్ల బెదిరిపోతోంది” అందావిడ. “పాపం, ఆ రెండో కోడల్నేం అనకండి. నా మాట దానికి అర్థం కాదు, అంతే. పళ్ళ సెట్టు పెట్టుకుని చెప్పినా అంతే. దీపం వెయ్యమంటే పాటందుకుంటుంది. ఆపమంటే ఇంకోటందుకుంటుంది.”

భర్త తలెత్తాడు. “మరి మేం లేనప్పుడు దీపాలెలా వేసుకుంటున్నావమ్మా?”

“వేసుకోను. మీరొచ్చేదాకా కూర్చుంటా. చీకటి నన్నేం చేస్తుందిరా?”

“నాకెందుకు చెప్పలేదు?”

“బడిలో బొమ్మ గీసి తెచ్చి చూపించేవాడివి చూడు, చిన్నప్పుడు? అదే మొహంతో దీన్ని చూపించావురా నాకు. నోటితో చెబితే చాలమ్మా, లేవక్కర్లేదు అన్నావు. బాలేదని ఎలా చెప్పను?”

అతను కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

అతని మీద అప్పటిదాకా మండిపడుతున్న ఆమె కూడా ఉన్నచోటే నిలబడిపోయింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే అద్దం మీద అద్దం మార్చింది తను. దుకాణంలో ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా ‘ఎక్కడ కూర్చుని చదువుతారు, అక్కడ వెలుతురుంటుందా’ అని అడుగుతుంది. ఇంట్లో మనిషిని ఒక్కసారీ అడగలేదు. ఆవిడ కళ్ళకేమీ కాలేదు. ఆవిడ చీకట్లో కూర్చుంటోంది.

“అత్తయ్యా, నేనైనా చూసుకోవాల్సింది...” అంటూ ఆవిడ చేతులు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

భర్త ఒక్కసారిగా లేచి, పెట్టె ప్లగ్గు పీకబోయాడు. “వద్దు. ఏదీ వద్దు. రేపే అమ్మేస్తా.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండండి. దాంట్లో మన గువ్వ ఉంది. పారెయ్యమని నేనన్నానా? మీరు ఈ గదిలో హాయిగా ఉంటారు, నాకు తెలుసు. ఆ హాయిలోకి మమ్మల్ని కూడా రానివ్వండి. అంతే.”

అతను తల్లి దగ్గరికి వెళ్ళి, ఆవిడ భుజం మీద తల ఆనించాడు. “క్షమించమ్మా” అన్నాడు.

“చాల్లే, ముందు చెప్పులు విప్పు. గ్రీజంతా నేలకి పూశావు” అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాతి రోజుల్లో గోడల మీదికి మళ్ళీ మామూలు స్విచ్చులొచ్చాయి. తలుపుకి మామూలు తాళం, లోపల మామూలు గడియ వచ్చాయి. తాళంచెవులు ఇంట్లో అందరి దగ్గరా ఉన్నాయి. పెట్టె మాత్రం ఫోటోలకీ సినిమాలకీ మిగిలింది. దాన్నెలా ఆపాలో, ఎలా లేపాలో, ఫోటోల నకళ్ళు ఎక్కడున్నాయో ఆమెకి నేర్పించాడు. మొదటిసారి ఆమె ఏదో నొక్కి మొత్తం ఆపేసినా అతను విసుక్కోలేదు. “ఫర్లేదు, నేను చాలాసార్లు ఆపేశా. నీకు చెప్పలేదంతే” అన్నాడు.

“నీకేం కావాలో చెప్పమ్మా, చేసి పెడతా” అని తల్లిని అడిగితే ఆవిడ స్టోరు గది వైపు చూసింది.

“ఆ గదిలో నాకో కుర్చీ వెయ్యి. రెండో కోడలి కాపురమెలా ఉందో నేనూ చూస్తా.”

పాత సామాన్లు సర్దేసి అతను కుర్చీ వేశాడు. సెలవురోజున ఆవిడ తన ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత ఫోటోలన్నీ ఒళ్ళో పోసుకుని కూర్చుంది. అతను ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు. మొహాలని పోల్చి, తెలియనివాళ్ళ గురించి అడగడం ఆ పెట్టెకి అలవాటు. “ఇదెవరమ్మా?” అని అతను అడగడం, “మా చిన్నాన్న, మహా పిసినారి” అని ఆవిడ చెప్పడం, గువ్వ పకపకా నవ్వడం.

ఒక ఫోటో దగ్గర అందరూ ఆగారు. సైకిలు మీద ఓ అమ్మాయి. ఒక కాలు నేల మీద ఆనించి, తల వెనక్కి వాల్చి విరగబడి నవ్వుతోంది. పెట్టె ఆ మొహం చుట్టూ గీత గీసి, గువ్వేనా అని అడుగుతోంది.

“గువ్వంట!” అని నవ్వాడు భర్త. “ఇదెవరమ్మా, పిన్నా?”

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, తెర వంక చాలాసేపు చూసింది.

“నేనేరా” అంది.

అతను తెర మీది మొహాన్నీ పక్కనున్న మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. రోజూ చూసే మొహమే. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“నువ్వు... సైకిలు తొక్కేదానివా?”

“తొక్కడమా? చేతులొదిలేసి తొక్కేదాన్ని!”

“ఆ రోజెందుకమ్మా అంతలా నవ్వుతున్నావు?”

“అదో పెద్ద కథలే. నీకు పనుందేమో...”

అతను తెర ఆర్పేశాడు. తన కుర్చీలోంచి లేచి, తల్లి మోకాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. “చెప్పమ్మా” అన్నాడు.

అన్నం చల్లారిపోతోందని పిలవడానికి వచ్చిన ఆమె గుమ్మంలో ఆగి విన్నది. పిలవకుండానే లోపలికొచ్చి, గువ్వని ఒళ్ళోకి లాక్కుని, అతని పక్కనే కూర్చుంది.