బుధవారం పాట, రెండు దస్తీలు

దబీర్‌పురా స్టేషను వెనక గల్లీలో వామన్‌రావు ఇల్లుంది. చీకటి పడ్డాక అటు పోవాలంటే ఎంతటివాడికైనా గుండె జారేది. పోక తప్పనివాళ్ళు ఊపిరి బిగబట్టి, తల తిప్పకుండా పోయేవారు.

బతికున్నన్నాళ్ళూ వామన్‌రావు చీమకైనా హాని చేసినవాడు కాదు, పాపం. రైల్వేలో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాడు. సాయంత్రం గడపలో కుర్చీ వేసుకుని రేడియో పెట్టేవాడు. వింటూ ఏడ్చేవాడు... దాపరికం లేకుండా, వెక్కి వెక్కి. మగవాడు పాటకి ఏడవడమేమిటని గల్లీ అంతా నవ్వేది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు సీమోను.

ముసలాయన పోయాడు. ఇంటికి తాళం పడింది. ఆర్నెల్లు గడిచాయో లేదో, బుధవారం రాత్రుళ్ళు ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించడం మొదలైంది. ఒక్క గొంతు కాదు — మూడు, నాలుగు. వామన్‌రావు తోడు తెచ్చుకున్నాడన్నారు.

సీమోను ఊరికి ఆ చివరనున్న సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. ఓవర్‌టైం చేసి బస్సు దిగేసరికి రాత్రి తొమ్మిది. ఇంటికి దారి ఆ గల్లీలోంచే. చుట్టు తిరిగి పోవచ్చు, కానీ ఎవరైనా చూస్తే పరువు పోదూ? అందుకని టార్చి పట్టుకెళ్దామనుకున్నాడు. టార్చిలో సెల్లులు లేవు. ఇంట్లో ఉన్నవి రెండంటే రెండే, అవి భార్య రాహేలు ట్రాన్సిస్టర్‌లో ఉన్నాయి. అవే ఊడబీకాడు.

"గవి నా రేడియోవి," అంది రాహేలు. "బుధవారం నా పాట వస్తది."

"ఆ ఏడుపు పాటనా? ఎవలు సచ్చిండ్రని ఏడుస్తవ్?" సీమోను నవ్వాడు. "వామన్‌రావు సోపతి పట్టినవా ఏంది?"

రాహేలు మారు మాట్లాడలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ మాట్లాడలేదు. రాత్రి వచ్చేసరికి కంచం మీద కంచం మూసిపెట్టి, గోడవైపు తిరిగి పడుకునేది. పన్నెండేళ్ళ కాపురంలో లొల్లులు బోలెడు జరిగాయి, వాటికి సీమోను వెరవడు. ఈ మౌనమే అతన్ని తినేసింది. ఆ చల్లటి అన్నం సగం వదిలేసి చెయ్యి కడుక్కునేవాడు. తప్పయిందని చెబుదామనే ఉంది, పరువు అడ్డొచ్చింది. అట్లా పదిహేను రోజులు.

ఇంట్లో ఎట్లా ఉన్నా, బయట మాత్రం అతనికి మస్తు పేరొచ్చింది. టార్చి పట్టినప్పటినుంచి రెండు బుధవారాలు ఆ ఇంట్లో ఏడుపు లేదు!

"లైటు గిట్ల కొట్టిన్నో లేదో, దయ్యం గట్ల ఉరికింది," అని చాయ్ హోటల్లో చెప్పుకున్నాడు.

మూడో బుధవారం... కార్ఖానాలో తోటివాడు ఆనందరావు స్కూటర్ మీద తెచ్చి స్టేషను దగ్గర దింపాడు. అప్పటికింకా ఎనిమిదిన్నరే.

గల్లీలో పురుగు లేదు. వీధిదీపం పోయి ఎన్నాళ్ళయిందో. సీమోను టార్చి నొక్కాడు.

వెలగలేదు.

మళ్ళీ నొక్కాడు. చేత్తో ఊపి చూశాడు — తేలిగ్గా ఉంది. మూత తిప్పి వేలు పెట్టాడు. లోపల ఏమీ లేదు.

అప్పుడు... గోడ వెనకనుంచి ఏడుపు.

కుడి భుజం వామన్‌రావు ఇంటి గోడకి ఆనించి, చేతిలో టిఫిన్ డబ్బాతో సహా అక్కడే కూలబడ్డాడు. "యేసయ్యా, ఈ ఒక్కసారి..." అనబోతుంటే ఏడుపు కింద ఇంకేదో వినిపించింది. పాట. ఆ యేడు కొత్తగా వచ్చిన పాట అది. అన్నం మూసిపెట్టి, గడపలో కూర్చుని మొగుడికోసం ఎదురుచూసే ఇల్లాలి పాట. రెండో చరణంలో పాడేమనిషి గొంతు పట్టేస్తుంది, వినేవాళ్ళ గొంతు కూడా. ఏడిపించమని జనమే ఉత్తరాలు రాసి అడిగితే, రేడియోవాళ్ళు బుధవారం బుధవారం వేసేవారు.

"రాహేలూ, జర పెంచవే. నాకు చెవులు వినపడవు..." గోడ వెనక గుసగుస.

ఆ గొంతు సీమోనుకి తెలుసు. గుడి పంతులుగారి తల్లి లక్ష్మీకాంతమ్మ!

ఇటుక ఊడిన సందులో కన్ను పెట్టి చూశాడు. పెరటి వరండాలో చిన్న బుడ్డిదీపం. లక్ష్మీకాంతమ్మ, పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు, నడుమ రాహేలు. రాహేలు ఒళ్ళో ట్రాన్సిస్టర్. నలుగురూ కొంగులు నోట్లో కుక్కుకుని, తనివితీరా ఏడుస్తున్నారు.

"రెండు వారాలు పానం కొట్టుకున్నదమ్మా," అంది ఒకామె ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్ల ఏడిస్తే ఏమైందని అడుగుతరు. ఏం జెప్పాలె?"

"గీడికైతే ఒక్క మొగోడు రాడు," అంది రాహేలు. "దయ్యం పేరున్నంత సేపు ఫికర్ లేదు."

అప్పటికి వెలిగింది సీమోను బుర్రలో. టార్చికి దయ్యం పారిపోలేదు. సెల్లులు లేక రేడియో మూగబోయింది, అంతే. ఇవాళ రాహేలు వాటిని టార్చిలోంచి తీసి మళ్ళీ రేడియోలో వేసుకుంది.

ఒళ్ళు మండింది. లోపలికి పోయి నలుగురినీ నిలదీద్దామని లేవబోయాడు. సరిగ్గా అప్పుడే రెండో చరణం...

పాడే గొంతు పట్టేసింది. సీమోను కళ్ళముందు మూసిపెట్టిన కంచం కదిలింది. అతని ఇంట్లో కంచమే. దాని పక్కన గోడవైపు తిరిగిన వీపు. లేవలేకపోయాడు. మళ్ళీ కుడి భుజం గోడకి ఆనించి, మోకాళ్ళమధ్య తలపెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఎవరో ముక్కు చీదారు — ఎడమచేతివైపు. గోడ వెనక ఆడవాళ్ళే అనుకున్నాడు. ఎంత ఆపుకున్నా ఆగలేదు, భోరుమన్నాడు.

గోడ వెనక అంతా ఆగిపోయింది.

"ఎవలది..."

"మొగ గొంతే..."

"వామన్‌రావు!"

దీపం ఆరింది. పాట ఆగింది. నలుగురూ పెరటిదారిన పడి ఉరికారు. వాళ్ళు ఉరకడం విని సీమోను కూడా ఎందుకో తెలియకుండానే ఉరికాడు. టిఫిన్ డబ్బా గోడదగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి రాహేలు గోడవైపు తిరిగి ఆయాసపడుతూ పడుకుంది. సీమోను ఇంకో గోడవైపు తిరిగి ఆయాసపడ్డాడు.

తెల్లవారి చూస్తే, టిఫిన్ డబ్బా కడిగి గూట్లో బోర్లించి ఉంది.

"నీళ్ళకని నల్లకాడికి పోతుంటే దొరికింది," అంది రాహేలు. పదిహేను రోజుల తర్వాత మొదటి మాట. "దయ్యం డబ్బా మర్చిపోయినట్టుంది."

సీమోను తల దించుకున్నాడు. టార్చి తీసుకుపోయి పెట్టె అడుగున వేశాడు.

"సెల్లులు నీ తాన్నే ఉండనీ. నేను నవ్వుడు తప్పు. నువ్వు మాట్లాడకుంటే నాకు అన్నం సైస్తలేదు, రాహేలూ."

"మరి చీకట్ల దయ్యం?"

"చూసిన. నలుగురున్నరు."

రాహేలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని సీమోను ప్రాణం లేచొచ్చింది. ఆమె డబ్బా సర్ది, పెట్టెలోంచి కళ్ళు తుడుచుకోను ఉతికిన దస్తీలు రెండు తీసి దానిమీద పెట్టింది.

"వచ్చే బుధవారం గోడకాడ కూసోకు. లోపటికి రా."

"రెండెందుకే?"

"ఒకటి నీకు. ఇంకోటి నీ పక్కన కూసొని ఏడ్చినాయనకు."

"నా పక్కన ఎవలున్నరు? ఒక్కన్నే ఉంటి."

"మజాక్ చెయ్యకు." రాహేలు చెయ్యి ఆగింది. "మేం నలుగురం విన్నం. గోడ అవుతల ఏడ్చింది ఇద్దరు మొగోళ్ళు."

సీమోను నవ్వబోయి ఆగిపోయాడు. ముక్కు చీదిన చప్పుడు ఎడమచేతివైపు వచ్చింది. గోడ కుడిచేతివైపు ఉండింది.

తన దస్తీ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత రెండో దస్తీ కూడా మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.