రాణి పెట్టెలో రెండు రెక్కలు

"సిపాయి లేడు!"

సోమవారం పొద్దున కళ్ళజోడు పెట్టిన కేక సైన్స్ గది కిటికీ దాటి ఆటస్థలం దాకా వినబడింది.

మిర్చి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి పడింది. ఆరో తరగతిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మిర్చి. ఎప్పుడూ అద్దాలతోనే ఉంటాడు కాబట్టి ఆ కేక పెట్టినవాడు కళ్ళజోడు.

గాజు పెట్టెలో రాణి పుల్లకు తలకిందులుగా వేలాడుతోంది. రాణి అంటే ఆకుపచ్చ ఆడ గొల్లభామ, మిర్చి పెంచుకున్నది. సిపాయి సన్నటి గోధుమరంగు మగ గొల్లభామ, కళ్ళజోడు పెంచుకున్నది. చీమంత ఉన్నప్పటి నుంచి వాణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. ఏడుసార్లు కుబుసం విడిచేటప్పుడు ఏడుసార్లూ ఊపిరి బిగబట్టి పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు పెట్టె అడుగున రెండు పొడుగాటి రెక్కలు మాత్రం మిగిలాయి.

"శనివారం మధ్యాహ్నం నేనే లోపల వదిలాను. బాగానే ఉన్నాడు" అన్నాడు కళ్ళజోడు. అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తడిసింది అద్దాలు కాదు.

మిర్చికి ఒళ్ళు మండిపోయింది. చుట్టూ చూసింది. పెట్టె జానెడు పక్కకి జరిగి ఉంది. బల్ల మీద తడిగుడ్డ చార ఇంకా ఆరలేదు. గోడగడియారం వెనక నుంచి బల్లి తోక కనబడుతోంది.

ఇంకేం కావాలి!

"ఆయమ్మ!" అంది మిర్చి. "పొద్దున్నే తుడవడానికి వచ్చింది. మూత తీసింది. బల్లి దూరింది. వాణ్ణి మింగి రెక్కలు ఉమ్మేసింది!"

"నువ్వు చూశావా?"

"చూడాలా? బల్ల చూడు!"

ఆయమ్మ వరండా చివర బకెట్‌లో గుడ్డ పిండుతోంది. మిర్చి ఎదురుగా వెళ్ళి నిలబడింది. వెనకాలే సగం క్లాసు వచ్చింది.

"మా పెట్టె ఎందుకు తెరిచారు?"

"నేనెక్కడ తెరిచాను పాపా? కింద దుమ్ముంటే కాస్త జరిపాను, అంతే. మూత మీద చెయ్యి కూడా వెయ్యలేదు."

"అబద్ధం! మీవల్లే సిపాయి చచ్చిపోయాడు!"

ఆయమ్మ చేతిలోని గుడ్డ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

గొడవ విని సైన్స్ మేడమ్ వచ్చింది. రెక్కలు చూసింది. రాణిని చూసింది.

"మిర్చీ, ఆకలి మీదున్న ఆడ గొల్లభామ దగ్గర మగదాన్ని వదిలితే ఏమవుతుందో చెప్పాను కదా?"

"తినేస్తుంది మేడమ్. అందుకే ముందు రెండు రోజులు కడుపునిండా పెట్టి, తర్వాతే జత కలపాలి."

"పెట్టావా?"

"చార్ట్ చూడండి మేడమ్!"

గోడ మీది చార్ట్‌లో శుక్రవారం ఒక టిక్కు, శనివారం ఒక టిక్కు. రెండూ మిర్చి పెట్టినవే.

"నేనూ ఆ టిక్కులు చూసే వదిలాను మేడమ్" అన్నాడు కళ్ళజోడు.

అప్పటికే హెడ్మాస్టర్ వచ్చి నిలబడ్డాడు. ఆయనకు గొడవలంటే గిట్టదు. గంట కొట్టే లోపల తేలిపోవాలి.

"ఆయమ్మా, సైన్స్ గది తాళంచెవి ఇలా ఇచ్చెయ్యి. రేపటి నుంచి ఆ గదిలో నీకు పని లేదు."

"సార్, పదకొండేళ్ళుగా ఆ గది నేనే..."

"చెప్పింది విను."

ఆయమ్మ నడుముకు కట్టుకున్న గుత్తి విప్పింది. ఆ తాళంచెవి ఒక పట్టాన రాలేదు. చివరికి గోరుతో లాగి హెడ్మాస్టర్ చేతిలో పెట్టింది.

తగిన శాస్తి జరిగిందని మిర్చి అనుకుంది.

పిల్లలంతా క్లాసుకి వెళ్ళిపోతుంటే ఆయమ్మ మిర్చిని పిలిచింది. గొంతులో కోపం లేదు. అదే మిర్చికి ఇబ్బందిగా అనిపించింది.

"పాపా, శుక్రవారం ఇచ్చిన సీసా ఖాళీ అయిందా? తెచ్చిస్తే మళ్ళీ ఈగలు పట్టిస్తాను. శనివారమే కిటికీలోంచి చూశాను, ఆ తల్లి పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది."

రాణి తిండి వెనక ఉన్నది ఆయమ్మే. పెరటి గోడ దగ్గర పండ్ల తొక్కలు వేసి, ఈగలు మూగాక సీసాలో పట్టి, మూతికి పలచటి గుడ్డ చుట్టి ఎర్ర దారంతో కట్టి ఇచ్చేది. ముడి వేసి, పైన చిన్న కుచ్చు వదిలేది. అలాంటి ముడి ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

"ఇస్తాలెండి" అంటూ మిర్చి విసురుగా వెళ్ళిపోయింది.

సీసా ఎక్కడుంది?

శుక్రవారం సాయంత్రం చార్ట్ ముందు నిలబడటం గుర్తుంది. చేతిలో సీసా. కింద నుంచి కోచ్ విజిల్. శనివారం పరుగుపందెం. "రేపటి టిక్కు కూడా ఇప్పుడే పెట్టేస్తే పోలా" అనుకుని రెండు టిక్కులు గీకేసింది. ముందు పరుగు, తర్వాత తిండి, అనుకుంది.

తర్వాత?

మిర్చి నడక ఆగిపోయింది. అక్కడి నుంచి పరుగే పరుగు. క్లాసులోకి కాదు, బూట్ల సంచులు తగిలించే కొక్కేల దగ్గరికి. తన సంచిలో చెయ్యి పెట్టింది. బూట్లు. తువ్వాలు. దాని కింద చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

సీసా.

మూతికి గుడ్డ అలాగే ఉంది. ఎర్ర దారం అలాగే ఉంది. ముడి మీద కుచ్చు కూడా చెక్కుచెదరలేదు. లోపల పన్నెండు ఈగలు కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి.

బల్లి రాలేదు. మూత ఎవరూ తియ్యలేదు. శుక్రవారం నుంచి పస్తున్న రాణి, దగ్గరికొచ్చిన దాన్ని పట్టుకుంది.

తిరిగి సంచిలో పెట్టేస్తే? పెరటి గోడ అవతలికి విసిరేస్తే? చార్ట్ మీద టిక్కులున్నాయి. ఎవరికీ తెలియదు.

వరండాలో ఆయమ్మ బకెట్ ఎత్తుకుని వెళుతోంది. సైన్స్ గది వచ్చినప్పుడు అలవాటుగా అటు తిరిగింది. గుర్తొచ్చి మళ్ళీ ఇటు తిరిగింది.

మిర్చికి కోపం వచ్చింది. ఈసారి దాన్ని ఎవరి మీద చూపించాలో బాగా తెలిసింది.

సైన్స్ గదిలోకి దూరి చార్ట్ ఊడబెరికింది. చార్ట్ ఒక చేత్తో, సీసా ఒక చేత్తో హెడ్మాస్టర్ గదిలోకి వెళ్ళింది. సైన్స్ మేడమ్ అక్కడే ఉంది.

"మళ్ళీ ఏమిటమ్మా? ఇప్పుడెవరి మీద ఫిర్యాదు?" అన్నాడు హెడ్మాస్టర్.

"ఇక్కడ కాదు సార్. వరండాలోకి రండి. ఆయమ్మను అన్నది అక్కడే."

"ఏమిటా మాట..."

మేడమ్ సీసా మీది ముడి చూసింది. "వెళదాం సార్" అంది.

క్లాసుల తలుపుల్లోంచి తలలు బయటికొచ్చాయి. కళ్ళజోడు కూడా వచ్చాడు. ఆయమ్మ బకెట్ కింద పెట్టింది. మిర్చి సీసా పైకెత్తి పట్టుకుంది. గొంతు పొద్దున ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగానే తెచ్చుకుంది.

"ఆయమ్మ మూత తియ్యలేదు! ఈ ముడి ఎవరూ విప్పలేదు! ఆ రెండు టిక్కులూ దొంగ టిక్కులు! సార్, ఆయమ్మ తాళంచెవి ఆయమ్మకి ఇచ్చెయ్యండి. సిపాయిని చంపింది నేను!"